త్రోఫిము సంగతి గుర్తుచేసినవాళ్లకీ, ఆ రాత్రి కారు తీసినవాళ్లకీ

అందరికీ వందనాలు.

మొన్న ఆదివారం మన చర్చిలో నేను చెప్పిన వాక్యం (ప్రసంగం) బాగుందని చాలామంది మెసేజ్‌లు పెట్టారు. నిజం చెప్పాలంటే అందులో నా సొంతం పావు వంతు కూడా లేదు. మిగతా ముప్పావు ఎవరెవరు ఇచ్చారో నలుగురిలో చెప్పకపోతే నాకు నిద్రపట్టేలా లేదు, అందుకే ఇంత పొడుగు పోస్టు. ఓపిక ఉన్నవాళ్లు మొత్తం చదవండి, లేనివాళ్లు ఆఖర్లో క్యారేజీ సంగతి ఒక్కటి చూసుకోండి.

తెలియనివాళ్ల కోసం ముందు మా ఇంటి సంగతి. మా నాన్నకి ఏడాదిన్నరగా డయాలసిస్, అంటే కిడ్నీల పని మిషన్‌తో చేయించి రక్తం శుభ్రం చేయడం, జరుగుతోంది, వారానికి మూడుసార్లు, వెళ్లినప్పుడల్లా నాలుగు గంటలు. అందుకోసం ఎడమ చేతికి ఫిస్టులా చేశారు, అంటే సూదులు గుచ్చడానికి వీలుగా రెండు రక్తనాళాల్ని కలిపి కుట్టారు. అక్కడ వేలు పెడితే లోపల పిల్లి గుర్రుమన్నట్టు అదురుతూ ఉంటుంది. మా పాప రోజూ పొద్దున్నే ఆ చేతికి చెవి ఆనించి "తాతా, మోగుతోంది" అని చెప్పాకే ఆయన కాఫీ ముట్టుకుంటాడు, అదీ చిన్న స్టీలు గ్లాసులో సగమే, ఎందుకంటే రోజు మొత్తం మీద తాగే చుక్క చుక్కకీ లెక్క ఉంటుంది. ఇలాంటి ఇంటి నుంచి వచ్చే నన్ను పట్టుకుని మా పాస్టరు అయ్యగారు "ఈసారి అపొస్తలుల కార్యములు మూడో అధ్యాయం, శృంగారమను దేవాలయపు ద్వారం దగ్గర కుంటివాడు. నువ్వే చెప్పాలి" అన్నారు. నాన్న కూర్చునేది రెండో వరసలో, ఫ్యాను కింద. పుట్టుకతో నడవలేనివాడు గంతులేసుకుంటూ దేవాలయంలోకి వెళ్లాడని, ప్లాస్టర్లు అంటించిన ఆ చెయ్యి చూస్తూ ఎలా చెప్పాలి నేను?

పైగా మాకు ఒక దెబ్బ తగిలి ఉంది. ఆర్నెల్ల కిందట ఒక స్వస్థత కూటానికి, అంటే ప్రార్థనతో జబ్బులు నయమవుతాయని పెట్టే సభకి, వెళ్లాం. ఎక్కడో, ఎవరో చెప్పను, చెప్పి లాభం లేదు. అక్కడ ప్రార్థన చేశాక "విశ్వాసం ఉన్నవాడికి మళ్లీ మిషన్ ఎందుకు, సూదులెందుకు" అన్నారు. మా నాన్న మాట మీద నిలబడే మనిషి. రెండు డయాలసిస్‌లు మానేశాడు, నాకు తెలిసేసరికి ఆలస్యమైంది. మూడో రాత్రి ఒంటిగంటన్నరకి పడుకోలేక మంచం మీద లేచి కూర్చుని, నోరు తెరుచుకుని ఊపిరి కోసం కొట్టుకుంటున్నాడు, ఊపిరితిత్తుల్లోకి నీరు చేరింది. పక్కవీధి అన్నయ్యా, నువ్వు లుంగీ మీదే కారు తీశావు, చెప్పులు కూడా వేసుకోలేదు, దారి పొడుగునా ఒక్క మాట మాట్లాడలేదు. డయాలసిస్ యూనిట్‌లో పనిచేసే మన సంఘం అక్కా, నువ్వు డ్యూటీలో లేకపోయినా వచ్చి మిషన్ దగ్గర నిలబడ్డావు, తెల్లారాక నాన్నని ఒక్క మాట కూడా తిట్టలేదు. మీ ఇద్దరికీ అప్పుడే చెప్పాల్సిన థ్యాంక్స్ ఇప్పుడు చెబుతున్నాను, క్షమించండి.

ఆ తర్వాత నుంచి ఇంట్లో "స్వస్థత" అనే మాటే ఎవరం ఎత్తలేదు. వాక్యం చెప్పమన్నప్పుడు నాకు పట్టుకున్న టెన్షన్ అదీ.

అందుకే సంఘం గ్రూపులో అడిగాను, మాట రావట్లేదు, సాయం చేయండి అని. మొదటి గంటలో నలభై దండం బొమ్మలు వచ్చాయి (పెట్టినవాళ్లకీ కృతజ్ఞతలే, ఏం అనుకోకండి). అసలు సాయం మర్నాడు పొద్దున ఐదింటికి ఫోన్ రూపంలో వచ్చింది. రిటైరైన పెద్దయ్యగారు. "లేచావా అబ్బాయి? మార్కు మొదటి అధ్యాయం తియ్యి" అన్నారు, ఇంకా పళ్లు కూడా తోముకోలేదు నేను.

కపెర్నహూములో సాయంకాలం. పొద్దు గుంకింది, విశ్రాంతిదినం అయిపోయింది, ఊరు ఊరంతా తలుపు దగ్గరే, యేసు ఎంతోమందిని బాగుచేశాడు. మర్నాడు ఇంకా చీకటి ఉండగానే లేచి ఎవరూ లేని చోటికి వెళ్లి ప్రార్థన చేసుకుంటున్నాడు. సీమోను (పేతురే) వెతుక్కుంటూ వచ్చి అందరూ నీకోసం చూస్తున్నారు అన్నాడు. "అప్పుడు ఆయనేమన్నాడు?" అని అడిగారు పెద్దయ్యగారు. పక్క ఊళ్లకి వెళ్దాం పదండి, అక్కడ కూడా ప్రకటించాలి, నేను వచ్చింది ఇందుకే అన్నాడు. అంటే గుమ్మం ముందు క్యూ ఇంకా ఉండగానే వెళ్లిపోయాడన్నమాట! నేను ఈ భాగం ఎన్నిసార్లు చదివానో, ఇది మాత్రం ఎప్పుడూ ఆగి చూడలేదు. అక్కడితో అవలేదు, అదే అధ్యాయం చివర్లో కుష్ఠరోగిని బాగుచేసి ఎవరితోనూ చెప్పొద్దని గట్టిగా చెప్పి పంపితే వాడు వెళ్లి ఊరంతా చాటాడు, దాంతో ఆయన బాహాటంగా ఏ ఊళ్లోకీ వెళ్లలేక బయటే అరణ్యంలో ఉండాల్సి వచ్చింది. స్వస్థత పేరు మోగిపోయి ప్రకటనకే అడ్డం పడింది. "మన స్వస్థత కూటాల వాల్‌పోస్టర్ల వాళ్లకి ఈ వచనం కనపడదురా" అని పెద్దయ్యగారు నవ్వారు. అలాగని స్వస్థతని తక్కువ చేసింది లేదు, పన్నెండుమంది శిష్యుల్ని పంపినప్పుడు ప్రకటించండి, రోగుల్ని బాగుచేయండి అని రెండూ ఒక్క ఊపిరిలోనే చెప్పాడు, ఉచితంగా పొందారు కాబట్టి ఉచితంగా ఇవ్వమని కూడా కలిపాడు. ఫోన్ పెట్టేముందు పెద్దయ్యగారు మన గుంటూరు సంగతి కూడా ఒకటి చెప్పారు. 1883లో అమెరికా నుంచి వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్‌ని క్రైస్తవ మిషను సంస్థ వాళ్లు నియమించింది జెనానా పనికి, అంటే ఇల్లు దాటి రాని ఆడవాళ్లకి చదువూ వాక్యమూ చెప్పడానికి. కానీ ఆమె రోగుల్ని చూడకుండా ఉండలేకపోయింది. 1898లో ఆసుపత్రే తెరిచింది. మా నాయనమ్మ పుట్టింది అక్కడే.

రెండోది వేదాంత కళాశాలలో చదువుతున్న తమ్ముడిది. రాత్రి పదకొండింటికి ఏడు నిమిషాల వాయిస్ మెసేజ్ పెట్టాడు, వెనకాల హాస్టల్‌లో ఎవరో బకెట్ ఈడుస్తున్న చప్పుడు. యేసు శిష్యుడు పేతురు ఆ ద్వారం దగ్గరి కుంటివాణ్ణి లేపాక ఆయన్ని అరెస్టు చేసి మర్నాడు అధికారుల ముందు నిలబెట్టారు కదా, అప్పుడు పేతురు ఈ మనిషి ఎలా స్వస్థత పొందాడని మమ్మల్ని అడుగుతున్నారా అంటాడు, మూడు వచనాల తర్వాత మరి ఏ నామము వలనా రక్షణ లేదంటాడు. మన తెలుగు బైబిల్లో స్వస్థత ఒక మాట, రక్షణ ఇంకో మాట. గ్రీకులో రెండు చోట్లా ఒకటే క్రియ అట, సోజో. లూకా ఏడులో అత్తరు తెచ్చిన పాపాత్మురాలితో "నీ విశ్వాసము నిన్ను రక్షించెను" అన్నదీ, పదిహేడులో తిరిగొచ్చిన సమరయ కుష్ఠరోగితో "నీ విశ్వాసము నిన్ను స్వస్థపరచెను" అన్నదీ గ్రీకులో అక్షరం తేడా లేని ఒకే వాక్యం అన్నాడు. ఆమెకి ఏ జబ్బూ లేదు. నేను ఆ వాయిస్ మూడుసార్లు విన్నాను.

ఆ కూటంలో మాకు చూపించిన మార్కు పదహారు సూచకక్రియల వచనాల (నమ్మినవాళ్లు రోగుల మీద చేతులుంచితే బాగవుతారనే అద్భుతాల మాటలు) గురించి కూడా అడిగాను. తొమ్మిది నుంచి ఇరవై వచనాలు నాలుగో శతాబ్దపు రెండు పెద్ద చేతిరాత బైబిలు ప్రతుల్లో, సినైటికస్‌లోనూ వాటికనస్‌లోనూ లేవని చెప్పాడు. నాకు ఆ భాగం ఇష్టమే, ప్రభువు వాళ్లతో కలిసి పనిచేస్తూ వాక్యాన్ని స్థిరపరిచాడన్న చివరి మాట మరీ ఇష్టం. కానీ ఆ ఒక్క స్తంభం మీద మేడ కట్టి, ఆ మేడ మీంచి ఒక కిడ్నీ పేషెంటుని దూకమనడం వేరే సంగతి.

మా సండే స్కూల్ టీచరమ్మ ఫోన్ చేయలేదు, సరాసరి ఇంటికే వచ్చేశారు, చేతిలో నోట్‌బుక్కుతో. "బాగవ్వకపోతే నీకు విశ్వాసం లేదు అన్నారటగా మీ నాన్నని? యోహాను ఐదు చదివించు వాళ్లతో" అన్నారు. బేతెస్ద కోనేటి దగ్గర ముప్పై ఎనిమిదేళ్ల రోగి. బాగై పరుపెత్తుకుని నడిచాక కూడా తనని బాగుచేసిందెవరో వాడికి తెలియదు. పేరే తెలియని మనిషి మీద వాడికి ఏం విశ్వాసం ఉన్నట్టు? కప్పు విప్పి దించిన పక్షవాయువు గలవాడి కథలో యేసు చూసింది మోసుకొచ్చినవాళ్ల విశ్వాసం. శృంగార ద్వారం దగ్గరివాడైతే అడిగింది చిల్లర. "వెండి బంగారములు నాయొద్ద లేవు" అనే పేతురు మాట మనం పాటలా పాడతాం గానీ, తర్వాత జనం మూగితే మా శక్తితోనో భక్తితోనో ఇతన్ని నడిపించినట్టు మా వైపు చూస్తారేంటని పేతురు విసుక్కోవడం పాడం అన్నారు టీచరమ్మ. వాక్యం మొదలైంది ఆ విసుగు దగ్గరే.

లుస్త్ర అనే ఊరి కథ కూడా ఆవిడే చెప్పారు. అపొస్తలుడు పౌలు, తోటివాడు బర్నబాతో వెళ్లి అక్కడ వాక్యం చెబుతుంటే ఒక కుంటివాడు వింటున్నాడు, లేచాడు, నడిచాడు. ఊరంతా దేవతలే దిగొచ్చారని బర్నబాకి ద్యుపతి అనీ, ప్రసంగం చేసేది పౌలు కాబట్టి ఆయనకి హెర్మే అనీ తమ గ్రీకు దేవతల పేర్లు పెట్టేసి, ఎడ్లనీ పూదండలనీ తెచ్చారు. వాళ్లిద్దరూ బట్టలు చింపుకుని మేమూ మీలాంటి మనుషులమే అని గుంపులోకి దూకారు. స్వస్థత కళ్లారా చూశారు, వాక్యం చెవిన పడలేదు. కొంచెం కిందికి వెళితే అదే ఊళ్లో పౌలుని రాళ్లతో కొట్టి చచ్చాడనుకుని ఊరి బయటికి ఈడ్చేశారు.

ఇంత సరుకు వచ్చాక శుక్రవారం రాత్రికి ప్రసంగం తయారైంది. కానీ నాన్న సంగతి అందులో ఎక్కడా లేదు. బాగవ్వనివాడి గురించి ఒక్క ముక్క కూడా లేదు, దాన్ని పక్కదారిన తప్పించుకున్నాను. శనివారం డయాలసిస్ బెడ్ పక్కన స్టూలు మీద కూర్చుని కాగితాలు తిరగేస్తుంటే నాన్న చెయ్యి చాపి తీసుకుని, కళ్లజోడు నుదుటి మీదికి తోసి మొత్తం చదివాడు. మిషన్ తిరుగుతూనే ఉంది. చదివి, "త్రోఫిము ఏడిరా ఇందులో?" అన్నాడు.

నాకు త్రోఫిము ఎవరో వెంటనే గుర్తురాలేదు. తిమోతి రెండో పత్రిక చివర్లో పౌలు రాస్తాడు, త్రోఫిము రోగంతో ఉంటే మిలేతులో విడిచి వచ్చానని. అంతే, ఒక ముక్క. నాన్న అక్కడితో ఆగలేదు. "అపొస్తలుల కార్యములు ఇరవై తియ్యి. త్రోయ ఊళ్లో ఉన్నవాళ్ల పేర్లు చూడు" అన్నాడు. చూశాను. పౌలు అర్ధరాత్రి దాకా ప్రసంగం లాగుతుంటే (మన అయ్యగార్లకి ధైర్యం ఇక్కడినుంచే వచ్చి ఉంటుంది) కిటికీలో కూర్చున్న ఐతుకు అనే కుర్రాడు నిద్రపోయి మూడో అంతస్తు నుంచి పడి చనిపోతే, పౌలు కిందికి వెళ్లి కౌగిలించుకుని ప్రాణంతో అప్పగించాడు, మళ్లీ పైకి వచ్చి తెల్లారేదాకా మాట్లాడాడు. ఆ ప్రయాణంలో ముందుగా వెళ్లి త్రోయలో వీళ్ల కోసం కనిపెట్టుకుని ఉన్నవాళ్ల జాబితాలో త్రోఫిము పేరు ఉంది.

"చచ్చినవాడు లేవడం చూసిన గుంపులోవాడు. వాడికే జబ్బు చేసింది, అదే పౌలు వదిలిపెట్టి వెళ్లాడు. వాడికి విశ్వాసం తక్కువైందని పౌలు రాయలేదు చూడు" అన్నాడు నాన్న. కాసేపాగి, "పౌలుకీ తక్కువ కాలేదు" అన్నాడు. తర్వాత నర్సక్క బీపీ చూడటానికి వచ్చింది, మాట అక్కడితో ఆగింది. ఆర్నెల్లుగా ఆయన ఆ కూటం గురించి నోరెత్తింది అదొక్కసారే.

కాబట్టి ఆదివారం మీరు విన్న చివరి పది నిమిషాలు ఆయనవి. గలతీయులకి పౌలు మొదటిసారి సువార్త చెప్పింది తన ఒంటి జబ్బు కారణంగానే అన్న మాట కూడా ఆయనే ఆ స్టూలు మీద నాచేత రాయించాడు. వాక్యం వెంట స్వస్థత వచ్చిన చోట్లే వెతుకుతూ కూర్చున్నాను గానీ జబ్బు వెంట వాక్యం వచ్చిన చోటు ఒకటుందని నాకు తట్టనే లేదు.

చెప్పేటప్పుడు ఆయన వైపు చూడలేదు, చూస్తే ఆగిపోతానని. తర్వాత అడిగితే, బాగానే చెప్పావు గానీ ఐతుకు దగ్గర తొందరపడ్డావు అన్నాడు.

ఇక మిగిలినవాళ్లు. ఆదివారం నాన్నకి ఆయాసం వస్తే ఇబ్బందని వెనక తలుపు దగ్గర బండి తిప్పి పెట్టుకుని ఆరాధన అంతా ఎండలో నిలబడ్డ యౌవనస్థుల గ్రూపు పిల్లలు, మీకు బిర్యానీ బాకీ. ఆ రాత్రి తర్వాత పదకొండు రోజులు వంతులేసుకుని ఉప్పు లేని కూరలు వండి పంపిన స్త్రీల సమాజం అమ్మలందరికీ, పేరుపేరునా. పొటాషియం ఎక్కువని కూరముక్కలు నీళ్లలో ఉడికించి ఆ నీళ్లు పారబోసి మళ్లీ వండారని మాకు తర్వాత తెలిసింది.

మూడు గిన్నెల స్టీలు క్యారేజీ ఒకటి మా ఇంట్లోనే ఉండిపోయింది. పై మూతకి చిన్న సొట్ట ఉంది, హ్యాండిల్‌కి ఎర్ర దారం కట్టి ఉంది. ఎవరిదో చెప్పండి, సోమ, బుధ, శనివారాలు మధ్యాహ్నం మేం ఇంట్లో ఉండం, మిగతా రోజుల్లో ఎప్పుడైనా వచ్చి తీసుకెళ్లండి.