నిన్నటి టోర్నడో – శనివారం పొద్దున క్లీనింగ్, అందరూ చదవండి

అందరికీ హాయ్ అండి, ముందు మంచి మాట, మన కాలనీలో ఎవరికీ దెబ్బలు తగల్లేదు.

మనకి పెద్దగా అనిపించింది గానీ టోర్నడో బలం చెప్పే ఈఎఫ్ స్కేల్ మీద ఇది చిన్నదే, అన్నిటికన్నా కింది మెట్టు ఈఎఫ్0 అంట, అంటే గాలి గంటకి 65 నుంచి 85 మైళ్లు. అయినా వెనక వరస ఇళ్ల పైకప్పు షింగిల్స్ (పలకలు) లేచిపోయాయి, మా ట్రాంపొలిన్ మూడిళ్లు దాటి ఒకరి గరాజ్ మీద బోర్లా పడుంది, ఎదురింటి వాళ్ల పూల కుండీ మాత్రం కదల్లేదు! టోర్నడో వెళ్లే దారి అంత సన్నగా ఉంటుంది మరి.

శనివారం పొద్దున 9కి పార్క్ దగ్గర కలుద్దాం. గ్లవ్స్, గట్టి బూట్లు తప్పనిసరి, మేకులు ఎక్కడపడితే అక్కడ ఉన్నాయి. రంపం ఉన్నవాళ్లు ఇక్కడే చెప్పండి.

ఏదైనా తీసేముందు ఫొటోలు తీసుకోండి, ఇన్సూరెన్స్‌కి కావాలి, పైకప్పు మీద కప్పే టార్ప్ (పట్టా) కొన్న రసీదు కూడా దాచండి. వచ్చింది టోర్నడోనా కాదా అని తేల్చే వాతావరణ సర్వే వాళ్లు చెట్లు ఏ వైపు పడ్డాయో చూస్తారు, లోపలికి తిరిగి పడితే టోర్నడో, అన్నీ ఒకే వైపు పడితే మామూలు ఈదురుగాలి అని ఎక్కువగా అలా తేలుస్తారు, కాబట్టి ఆ ఫొటోలు కూడా ఉంచండి.

తలుపు కొట్టి రూఫ్ వేస్తాం, ముందే డబ్బులివ్వండి అంటే ఇవ్వొద్దు, నిన్నే ఇద్దరొచ్చారు.

తెగిన వైర్ కంచెకి తగిలున్నా ఆ కంచె ముట్టుకోవద్దు. జనరేటర్ గరాజ్‌లో పెట్టొద్దు ప్లీజ్, తలుపు తీసున్నా సరే.

వచ్చేవాళ్లు శుక్రవారం రాత్రిలోపు ఇంటి నంబర్ పెట్టండి.