వేటకి 61 రోజులు సెలవు సరే, మిగతా పది నెలల్లో ఎంత పట్టాలి?

ఎడిటర్ గారికి నమస్కారం.

ఏటా జూన్ 15న మీ పేపర్లో ఒకే రకం వార్త వస్తుంది. వేట నిషేధం ముగిసింది, గంగమ్మకి కొబ్బరికాయలు కొట్టి బోట్లు బయల్దేరాయి, తీరమంతా సందడి అని. ఫొటో కూడా బాగానే ఉంటుంది. అయితే అలా వెళ్లిన బోట్లు మళ్లీ ఏప్రిల్ 14 దాకా, అంటే పది నెలల పాటు, సముద్రంలోంచి ఎన్ని టన్నుల చేప తియ్యొచ్చు అన్న మాట మాత్రం ఎక్కడా ఉండదు. మీ తప్పేం లేదు లెండి, అలాంటి లెక్కే లేదు. దొరికినంత పట్టుకోవచ్చు. నేను కాకినాడ హార్బర్లో బోట్ల లెక్కలు రాసే గుమాస్తాని. డీజిల్, ఐసు, బియ్యం, వేలం పాటలో వచ్చిన డబ్బు, బోటు నడిపే సరంగు వాటా, వల లాగే కళాసీల వాటా, ఇదే నా లోకం, కాబట్టి శాస్త్రవేత్తలా మాట్లాడలేను. కానీ ఒక సంగతి గట్టిగా చెప్పాలని ఉంది. మన తీరంలో కనీసం రెండు మూడు రకాల చేపలకి ఏడాదికి ఇన్ని టన్నులే అని హద్దు పెట్టాలి, అదీ చేప ఇంకా ఉండగానే పెట్టాలి.

నిషేధాన్ని నేను తప్పు పట్టడం లేదు. ఒకప్పుడు 47 రోజులు ఉండేది, 61 చేశారు, చాలా చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి మంచిదే. ఆ రోజుల్లో మత్స్యకారులకి ఇచ్చే భృతిని కూడా 2025లో 20 వేలకి పెంచారు. కానీ నిషేధం రోజుల్ని లెక్కపెడుతుంది, చేపని లెక్కపెట్టదు. ఆ రెండు నెలలూ బతికిన పిల్ల చేప జూన్ ఆఖరికి వలలో పడితే, ఖాళీగా కూర్చున్నందుకు ఎవరికి ఏం దక్కినట్టు? ఇంజన్ల పవర్ పెరిగింది, జీపీఎస్ వచ్చింది, గుంపు ఎక్కడుందో తెర మీద చూపించే ఫిష్ ఫైండర్లు వచ్చాయి, ఐసు ఎక్కువ పట్టే బోటు ఎక్కువ రోజులు బయటే ఉంటుంది, పైగా లీటరుకి 9 రూపాయల డీజిల్ సబ్సిడీ. (అది తీసెయ్యమని అనడం లేదు, తీసేస్తే ముందు నా ఉద్యోగమే పోతుంది.) ఇవన్నీ కలిశాక, 61 రోజులు ఆగాం కాబట్టి ఏడాది మొత్తం మీద తక్కువే పడుతున్నాం అని ఎవరైనా అంటే నేను నమ్మను. ఇంకో విషయం, నిషేధం ఎత్తేశాక మొదటి వేట బోట్లన్నీ ఒకేసారి ఒడ్డుకి వస్తాయి, పాట పడిపోతుంది, అంత చేప తెచ్చి కూడా కళాసీ చేతికి వచ్చే వాటా చూస్తే ఉసూరుమంటుంది.

చేప తరిగిపోతే ఎలా ఉంటుందో చూడ్డానికి దూరం వెళ్లక్కర్లేదు. కేరళలో మత్తి అంటారే, మన కవళ్లు, 2012లో అక్కడ దాదాపు 3.9 లక్షల టన్నులు పడింది. 2021కి వచ్చేసరికి 3,297 టన్నులు. లక్షల నుంచి వేలకి. ఇదంతా వల తప్పే అనడం న్యాయం కాదు, నీటి వేడి, వానలు, ఎల్ నినో అన్నీ దానికి తోడయ్యాయి. నా పాయింటు కూడా అదే. సముద్రం బాగోని ఏడాది, బాగున్న ఏడాదిలాగే పట్టుకుంటూ పోతే చేప కోలుకునేదెప్పుడు? కవళ్లు రెండు మూడేళ్లు బతికే చేప. దాని సంఖ్య ఏటా మారుతుంది కాబట్టి హద్దు కూడా ఏటా మారాలి. కేరళ వాళ్లు కొంతవరకు మేలుకున్నారు, కవళ్లు 10 సెంటీమీటర్లు, కానాగంతలు 14 సెంటీమీటర్ల కంటే చిన్నవి పట్టకూడదని రూల్ పెట్టారు. అది సైజుకి హద్దు. బరువుకి హద్దు వాళ్లూ పెట్టలేదు.

ఇక్కడ చదువుకున్న వాళ్లు నన్ను ఆపి ఒక ప్రశ్న వేస్తారు. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ, అదే కొచ్చిలో ఉన్న సీఎంఎఫ్ఆర్ఐ, 2022 నాటి పరిస్థితి మీద ఇచ్చిన నివేదికలో తాము పరిశీలించిన 135 చేపల నిల్వల్లో (అంటే సముద్రంలో బతికున్న ఒక్కో రకం చేప గుంపుల్లో) 91 శాతం బాగానే ఉన్నాయని చెప్పింది కదా, మరి నీ గోలేంటి అని. నిజమే, చెప్పింది, నాకూ సంతోషమే. కానీ జీతం వచ్చిన రోజున ఖర్చులకి లెక్క వేసుకుంటారా, జేబు ఖాళీ అయ్యాకా? నిల్వ బాగున్నప్పుడు పెట్టే హద్దు ఎవరి కడుపూ కొట్టదు, ఇప్పుడు పడుతున్న దానికి అటూ ఇటూగా ఒక అంకె వేస్తే చాలు. నిల్వ పడిపోయాక పెట్టే హద్దు అంటే మూసివేతే.

మూసివేత ఎలా ఉంటుందో కెనడా వాళ్లని అడగాలి. న్యూఫౌండ్‌లాండ్ దగ్గర కాడ్ చేప వందల ఏళ్లు దొరికింది, 1968లో ఒక్క ఏడాదే 8 లక్షల టన్నులు లాగేశారు, అందులో ఎక్కువ భాగం పరాయి దేశాల పెద్ద ఓడలే. 1977లో తీరం నుంచి 200 మైళ్ల హద్దు గీసి ఆ ఓడల్ని బయటికి నెట్టారు. హమ్మయ్య, ఇక మన చేప మనకే అనుకున్నారు. తర్వాత ఏం జరిగిందో మన నాయకులు ఒకసారి చదివితే బాగుండు, ఎందుకంటే అక్కడ ఏటేటా కోటా ఉంది! హద్దు ఉండి కూడా మునిగారు. చేప తగ్గిపోతూనే మిగిలినదంతా ఒకచోట గుంపు కట్టింది, వెనకాల పెద్ద వల ఈడ్చుకెళ్లే ట్రాలర్లకి మాత్రం వల నిండుగానే పడుతుండేది, ఆ ట్రాలర్ల లెక్క చూసి నిల్వ బ్రహ్మాండంగా ఉందని అంచనా వేశారు, చిన్న పడవల వాళ్లు ఒడ్డున చేప పడట్లేదు మొర్రో అంటే వినలేదు. తీరా శాస్త్రవేత్తలు కంగారుపడి అంకె తగ్గించమంటే ఉద్యోగాలు పోతాయని మంత్రులు అంత తగ్గించలేదు. 1992 జూలై 2న మొత్తం వేట ఆపేశారు. 30 వేల మందికి పైగా ఒక్కసారిగా పని పోయింది. రెండేళ్లే అన్నారు. వ్యాపార వేట మళ్లీ అధికారికంగా తెరిచింది 2024లో, అదీ 18,000 టన్నుల హద్దుతో.

కాబట్టి ఏదో ఒక అంకె రాసి గోడకి అంటిస్తే సరిపోదు. ఆ అంకె వేసేది ఓట్లు అడిగే మనిషి కాకూడదు. అమెరికా ఈ విషయంలో 2006లో తన చేపల చట్టాన్ని సవరించి, వాళ్ల ఫెడరల్ పరిధిలోని చేపలకి ఏటా హద్దు తప్పనిసరి చేసింది, శాస్త్రవేత్తల కమిటీ చెప్పిన దానికి మించి హద్దు పెట్టడానికి లేదని కూడా అందులోనే రాసుకుంది. అన్నింటికంటే ముఖ్యమైన ముక్క అదే అని నాకనిపిస్తుంది.

రెండో చిక్కు, మా ఓనర్లు వెంటనే పట్టుకునేది. మొత్తానికి ఒకే హద్దు పెట్టి ఊరుకుంటే ఎవడు ముందు పడితే వాడిదే, పెద్ద ఇంజను ఉన్నవాడు వారంలో ఊడ్చేస్తాడు, మిగతావాళ్లు నోట్లో వేలు పెట్టుకు చూడాలి అంటారు. కరెక్టే. అలాస్కాలో హాలిబట్ చేపకి సరిగ్గా ఇదే జరిగింది. 1990ల మొదట్లో ఏడాది వేట మొత్తం రెండు మూడు రోజులకి కుంచించుకుపోయింది, తుఫాను ఉన్నా సరే ఆ రోజునే వెళ్లాలి, ప్రాణాలు పోయేవి, చేపంతా ఒకేసారి వచ్చి ఫ్రీజర్లలో పడేది. 1995లో ఎవరి వాటా వారికి ముందే పంచేశాక అదే వేట ఎనిమిది నెలలు సాగింది. అంటే హద్దుతో పాటు వాటాలూ ఉండాలి. అయితే ఆ వాటాల్ని అమ్ముకోనిస్తే ఇంకో గొడవ. ఐస్‌లాండ్‌లో కోటాలు చేతులు మారి కొద్ది కంపెనీల దగ్గర పోగుపడ్డాయని ఇప్పటికీ కొట్టుకుంటున్నారు. మన దగ్గర అది జరగడానికి పదేళ్లు కూడా పట్టదు, ఆక్వా చెరువుల లీజులు చూసినవాళ్లెవరైనా ఒప్పుకుంటారు. అందుకే నా ఉద్దేశంలో వాటా మనిషికి కాకుండా హార్బరుకి ఇవ్వాలి, విశాఖకి ఇంత, కాకినాడకి ఇంత, మచిలీపట్నానికి, నిజాంపట్నానికి ఇంత అని. బోట్ల మధ్య పంపకం అక్కడి సంఘం చూసుకోవాలి. అమ్మకం కుదరదు. తెప్పలు, చిన్న ఫైబర్ పడవల్ని అసలు ఈ లెక్కలోకి లాగకూడదు.

ఏ చేపకి అన్నది అసలు ప్రశ్న. మన ట్రాల్ వల ఒకసారి లాగితే రొయ్య, గులివింద, పీత, పేరు తెలియని చిన్నా చితకా అన్నీ కలిసి వస్తాయి, వాటిలో ఒకదానికి కోటా అయిపోయిందంటే సముద్రంలో పారేసి వస్తారు తప్ప వల ఆపరు. అందుకని మొదట గుంపుగా తిరిగే చేపలు, కవళ్లు, కానాగంతలు, వీటితో మొదలుపెట్టాలి. గుంపుని చుట్టేసే రింగు వల వేస్తే దాదాపు ఒకే రకం పడుతుంది, లెక్క తేలిక. 2022 జనవరిలో విశాఖలో రింగు వలల గొడవ బోట్లు తగలబెట్టుకునే దాకా వెళ్లింది గుర్తుందా, అప్పుడు వాదనంతా ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల లోపలా బయటా అనే. ఎంత పట్టాలి అన్నది తేల్చుంటే ఎక్కడ పట్టాలి అన్నదానికి అంత వేడి ఉండేది కాదని నా నమ్మకం.

పెరూ వాళ్లు చేస్తున్నది ఇదే. మన నెత్తళ్ల లాంటి చిన్న చేప, ఆంకోవెటా, 1970 ప్రాంతంలో కోటి టన్నులు దాటించి పట్టారు, 1972లో ఎల్ నినో వచ్చి అంతా కుప్పకూలింది. ఇప్పుడు ప్రతి సీజన్‌కి ముందు వాళ్ల సముద్ర సంస్థ సర్వే చేసి అంకె చెబుతుంది, 2009 నుంచి బోటు బోటుకీ కోటా. 2023లో పిల్ల చేపలే ఎక్కువ కనిపించాయని మొదటి సీజన్ మొత్తం రద్దు చేసేశారు. దాంతో ప్రపంచమంతా ఆ చేపతో చేసే పొడి, అదే ఫిష్ మీల్, ధర పెరిగింది. ఆ ఫిష్ మీల్ రొయ్యల మేతలో కలిసేది కాబట్టి ఇది మన భీమవరం, నెల్లూరు చెరువుల వాళ్లకి సంబంధం లేని కథ కాదు. అక్కడ చేప ఆపితే ఇక్కడ పొడి కోసం చిన్న చేపకి గిరాకీ పెరుగుతుంది, తినడానికి పనికిరాని బుడ్డ చేపకి కూడా రేటు పలికితే సరంగు దాన్ని ఎందుకు వదిలేస్తాడు?

తమిళనాడు బోట్ల సంగతేమిటి అంటారు. మనం కడుపు కట్టుకుంటే కడలూరు వాళ్లు వచ్చి నెల్లూరు తీరంలో లాగేసుకుపోతారు అని. ఈ మాటకి నా దగ్గర పూర్తి జవాబు లేదు. రాష్ట్రం చేతిలో ఉన్నది 12 నాటికల్ మైళ్ల వరకే, ఆ పైన కేంద్రం. అయితే 2025 నవంబరులో కేంద్రం 200 మైళ్ల పరిధికి కొత్త రూల్స్ తెచ్చింది, పెద్ద బోట్లకి యాక్సెస్ పాస్ (వేటకి అనుమతి పత్రం), లైట్లు వేసి పట్టడం నిషేధం, రెండు బోట్లు కలిసి ఒకే వల లాగే జంట ట్రాలింగ్ నిషేధం, చేపలకి కనీస సైజు, మత్స్యకారులతో మాట్లాడి నిర్వహణ ప్రణాళికలు అన్నారు. ఆ ప్రణాళికలో బంగాళాఖాతం వైపు రాష్ట్రాలన్నిటికీ కలిపి టన్నుల అంకె రాయించాలి. ఒక్క ఆంధ్రా పెట్టుకుంటే పని జరగదు. మన ఎంపీలు అడగాల్సింది ఇది. హార్బరుకి శంకుస్థాపన చేసినంత సులువు కాదు గానీ, అడగాలి.

చివరిగా లెక్క ఎవరు రాస్తారు అన్నది. సీఎంఎఫ్ఆర్ఐ వాళ్లు రేవుల్లో శాంపిల్ తీసుకుని అంచనా వేస్తారు, నిల్వ ఎలా ఉందో తెలియడానికి అది కావాలి, కానీ కోటా నడపాలంటే బోటు బోటుకీ బరువు కావాలి. ఆ బరువు ఇప్పటికే మా దగ్గర ఉంది! పాట జరిగిన ప్రతి బుట్టా మా పుస్తకాల్లో ఎక్కుతుంది, లేకపోతే వాటాలు ఎలా పంచుతాం? కొందరు కమీషన్ కోసమో ఇంకెందుకో రెండు పుస్తకాలు రాస్తారు, దాచేదేముంది, అందుకని పాట దగ్గరే కాటా పెట్టి రసీదు ఇచ్చే పద్ధతి రావాలి. డీజిల్ సబ్సిడీ ఆ రసీదు చూపించిన బోటుకే ఇస్తామంటే నెల తిరక్కుండా అందరూ దారికొస్తారు. వచ్చే నిషేధం జీవో వచ్చేటప్పటికి ఒక్క కాకినాడలో, ఒక్క కానాగంతలకి, ఇది మొదలుపెట్టి చూడమని మత్స్యశాఖని అడుగుతున్నాను. నోటీసు బోర్డు మీద ఎడమ పక్క ఈ ఏడాది అంకె, కుడి పక్క ఇప్పటిదాకా పట్టింది, వారం వారం మార్చాలి. ఆ బోర్డు రాసే పని నాకిచ్చినా చేస్తాను, జీతం అక్కర్లేదు, చాక్‌పీసులు మాత్రం ఇప్పించండి.

ఇట్లు,
ఒక బోట్ల గుమాస్తా,
కాకినాడ