నేను ఆగింది తెలియక కాదు, ఉద్యోగం పోతుందని

సంపాదకులకు నమస్కారం.

మీ పత్రిక మహిళల పేజీలో రొమ్ము క్యాన్సర్ మీద వచ్చిన వ్యాసం చదివాను. మన ఆడవాళ్ళు ఆసుపత్రికి ఆలస్యంగా రావడానికి కారణం అవగాహన లేకపోవడమేనని అందులో రాశారు. కొందరి విషయంలో అది నిజమే. నా విషయంలో కాదు. నాకు 27 ఏళ్ళు. బీఎస్సీ నర్సింగ్ చదివి, బెంగళూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నాలుగేళ్ళుగా స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. గడ్డ చేతికి తగిలిన రోజు నుంచి డాక్టరుకు చూపించుకునే దాకా పదకొండు వారాలు ఆగాను.

నైట్ డ్యూటీ దిగి హాస్టల్లో స్నానం చేస్తుంటే తగిలింది. ఎడమ రొమ్ములో, చంక వైపు పైభాగంలో, చింతగింజంత. గట్టిగా ఉంది, కదలడం లేదు, నొప్పి లేదు. సర్జికల్ వార్డులో పేషెంట్లకు నేనే చెప్పేదాన్ని, "నొప్పి లేదని ఊరుకోకండమ్మా, అలాంటి గడ్డనే ముందు చూపించుకోవాలి" అని. ఆ మాటలు చెప్పిన నోటితోనే ఆ రోజు ఎవరికీ ఏమీ చెప్పలేదు.

ఎందుకంటే మా కాంట్రాక్టు ఏడాదికోసారి రెన్యువల్ అవుతుంది. దానికి ఇంకా మూడు నెలలుంది. అంతకు ముందు సంవత్సరం నడుం నొప్పితో సెలవు పెట్టిన ఒక సీనియర్ అక్కకు రెన్యువల్ రాలేదు. నా చదువు లోన్‌కు నెలకు 6,400 కట్టాలి, తమ్ముడు పాలిటెక్నిక్‌లో ఉన్నాడు. కదిరి దగ్గర మాకున్న వేరుశనగ చేను వానను బట్టి పండుతుంది. రెన్యువల్ కాగితం చేతికొచ్చాక చూపించుకుందాం అనుకున్నాను. రోజూ రాత్రి చేత్తో తడుముకుని చూసుకునేదాన్ని. చింతగింజ రేగుపండంత అయ్యాక ఇక భయం ఆగలేదు.

అల్ట్రాసౌండ్, మామోగ్రామ్, బయాప్సీ అయ్యాయి. రిపోర్టులో ట్రిపుల్ నెగెటివ్ అని వచ్చింది. అంటే హార్మోన్ మాత్రలు పనిచేయవు, హెర్2 అనే ప్రోటీన్ మీద పనిచేసే ఇంజెక్షన్లూ పనిచేయవు. ముఖ్యంగా కీమో మీదే ఆధారపడాలి. వయసులో ఉన్నవాళ్ళలో ఎక్కువగా వచ్చే రకం, త్వరగా పెరిగే రకం. నేను ఆగిన ఆ పదకొండు వారాల్లో ఎంత పెరిగిందో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు.

రిపోర్టు తీసుకుని మా ఆసుపత్రి హెచ్ఆర్ దగ్గరికి వెళ్ళాను. మంచిగానే మాట్లాడారు. కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చారు. "ఆరోగ్యం ముఖ్యం కదమ్మా. రిజైన్ చేసి నిశ్చింతగా ట్రీట్‌మెంట్ తీసుకోండి. నయమయ్యాక మళ్ళీ తీసుకుంటాం" అని టైపు చేసి ఉంచిన కాగితం ఇచ్చారు. సంతకం ఎక్కడ పెట్టాలో పెన్సిల్‌తో టిక్కు కూడా పెట్టి ఉంది. ఆ టెన్షన్‌లో నేను అక్కడే పెట్టేసేదాన్ని. పెన్ను దొరక్క హాస్టల్‌కు తెచ్చుకున్నాను.

మా హాస్టల్లో కేరళ నుంచి వచ్చిన సీనియర్ నర్సు ఉంది, మేమంతా చేచ్చి (మలయాళంలో అక్క) అంటాం. ఆమె కాగితం చదివి, నా పే స్లిప్ తీయమంది. నా జీతం 19,500. అందులో ఈఎస్ఐ (ఉద్యోగుల రాజ్య బీమా) కింద నెలకు 147 రూపాయలు కోత. నాలుగేళ్ళుగా పోతున్న ఆ 147 దేనికో నేనెప్పుడూ అడగలేదు.

ఈ ఉత్తరం రాస్తున్నది ఈ విషయం కోసమే. ఈఎస్ఐ ఉన్న ఉద్యోగికి జబ్బు చేస్తే ఏడాదిలో 91 రోజుల వరకు జీతంలో 70 శాతం భత్యం ఇస్తారు. క్యాన్సర్‌తో కలిపి 34 దీర్ఘకాల జబ్బులకు దాన్ని 80 శాతానికి పెంచి, రెండేళ్ళ దాకా పొడిగిస్తారు. దీనికి కనీసం రెండేళ్ళ సర్వీసు, సరిపడా చందా కట్టిన రోజులు ఉండాలి. చికిత్స ఖర్చు వేరుగా ఈఎస్ఐ చూసుకుంటుంది. ఆ భత్యం తీసుకుంటున్న రోజుల్లో యాజమాన్యం ఉద్యోగంలోంచి తీసేయకూడదని నిబంధన కూడా ఉంది. రాజీనామా మీద సంతకం పెట్టి ఉంటే ఆ రక్షణను నా చేతులతో నేనే వదులుకునేదాన్ని.

మర్నాడు ఈఎస్ఐ డిస్పెన్సరీకి, అక్కడి నుంచి రాజాజీనగర్ ఈఎస్ఐ ఆసుపత్రికి వెళ్ళాను. క్యూలు పెద్దవి, కాగితాలు చాలా. అయినా పని అయింది. మెడికల్ సర్టిఫికెట్ మా ఆసుపత్రికి రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. ఆ తర్వాత రాజీనామా మాట ఎవరూ ఎత్తలేదు.

కీమో గురించి ఎంతైనా రాయొచ్చు. మొదటి నాలుగు విడతలు ఎర్ర మందు, మూడు వారాలకొకటి. మూత్రం కూడా ఎర్రగా వస్తుందని పేషెంట్లకు ఎన్నిసార్లు చెప్పానో, నాకు వచ్చినప్పుడు మాత్రం గోడ పట్టుకుని నిలబడ్డాను. అమ్మ కదిరి నుంచి ఊరుబిండి నూరి తెచ్చింది. నోట్లో పెట్టుకుంటే ఇనుము నాకినట్టుంది. ఆమె ముందు రెండు ముద్దలు మింగాను. ఇప్పుడు వారం వారం పాక్లిటాక్సెల్ అనే ఇంకో కీమో మందు, పన్నెండింటిలో తొమ్మిది అయ్యాయి. వేళ్ళ కొసలు మొద్దుబారాయి. జుట్టు పోయినందుకంటే దీనికే ఎక్కువ ఏడ్చాను. సూది పెట్టే ముందు నరం ఎక్కడుందో కంటి కంటే ముందు వేలు చెప్పాలి. చాలామందికి కొన్ని నెలల్లో తగ్గుతుందని డాక్టరుగారు అన్నారు. తగ్గాలి. నాకు వార్డుకే తిరిగి వెళ్ళాలని ఉంది.

నా రూమ్మేట్ జీతం 22,500. ఈఎస్ఐకి నెల జీతం పరిమితి 21,000 కాబట్టి ఆమెకు ఇవేవీ లేవు. ఆ పరిమితి 2017 జనవరి నుంచి అలాగే ఉంది. అప్పటి నుంచి బెంగళూరులో హాస్టల్ అద్దెలు ఎంత పెరిగాయో ఇక్కడున్న తెలుగువాళ్ళకు చెప్పక్కర్లేదు. దీని మీద కూడా మీరు రాయాలి.

మళ్ళీ ఆ పేజీ వేసినప్పుడు, అద్దం ముందు ఎలా పరీక్షించుకోవాలో చూపించే బొమ్మల పక్కన ఈ ఈఎస్ఐ వివరాలు కూడా తేలిక తెలుగులో వేయండి. హొసూరు రోడ్డు గార్మెంట్ ఫ్యాక్టరీల్లో, ఆసుపత్రుల్లో, హౌస్‌కీపింగ్‌లో మన జిల్లాల అమ్మాయిలు ఎంతోమంది ఉన్నారు. వాళ్ళ జీతాల్లోనూ ఆ కోత ఉంటుంది. హెచ్ఆర్ కాగితం ఇస్తే ఆ రోజు సంతకం పెట్టొద్దని, ఇంటికి తెచ్చుకుని తెలిసినవాళ్ళకు చూపించమని పెద్ద అక్షరాల్లో రాయండి.

నా పేరు మాత్రం వేయవద్దు. చెల్లెలికి సంబంధాలు చూస్తున్నారు. "ఇప్పుడొద్దు పాపా" అని అమ్మ అడిగింది. ఆమె మాట కాదనలేకపోయాను.

ఇట్లు,
ఒక స్టాఫ్ నర్సు,
బెంగళూరు