రెండూ ఎడమవే: సిల్ రేకులు, పిస్టన్ల సెట్టుపై ఫిర్యాదు

విజయవాడ

ఫిర్యాదుల పరిష్కార అధికారి గారికి,

విషయం: ప్రీమియర్ పద్మిని కారు కోసం మీరు పంపిన సిల్ రేకులు, పిస్టన్లలో తప్పులు, వాటి మార్పిడి గురించి.

అయ్యా,

మా ఇంటి 1974 నాటి పద్మినిని సొంతంగా బాగుచేసుకుంటున్నాను. దానికోసం జూన్ 9న మీ వెబ్‌సైటులో తలుపుల కింద వచ్చే సిల్ రేకుల జత, రింగులతో సహా 0.40 మిల్లీమీటర్లు పెద్దవైన (అరిగిన సిలిండర్లను తొలిచాక వేసే) ఓవర్‌సైజు పిస్టన్ల సెట్టు కొన్నాను. మొత్తం 23,400 రూపాయలు. వచ్చిన రేకులు రెండూ ఎడమవైపువే. నాలుగు పిస్టన్లలో రెండే ఓవర్‌సైజువి. ఫోను చేస్తే మీ ప్రతినిధి "చిన్న తేడాయే కదండీ, ఏ మెకానిక్ అయినా సర్దేస్తాడు" అన్నారు. ఆ మాట అనకపోయి ఉంటే ఈ ఉత్తరం సగానికి సగం తగ్గేది. పైగా ఏడు రోజుల గడువు దాటిందంటూ సరుకు వెనక్కి తీసుకోమని చెప్పి, బదులుగా 10 శాతం కూపను ఇస్తామన్నారు.

పద్మినికి లారీలా విడిగా ఛాసిస్ (అడుగున బరువు మోసే చట్రం) ఉండదు. బాడీయే బరువు మోస్తుంది, అందులో సిల్ రేకులది పెద్ద పాత్ర. వాటిని అడ్డదిడ్డంగా కోస్తే కారు నడుము కుంగుతుంది, ఆ తర్వాత తలుపులు పడవు. అందుకే తలుపుల సందుల్లో ఇనుప గొట్టాలు అడ్డంగా వెల్డింగ్ చేయించి, ఒకసారికి ఒక్కవైపే కోయాలని ముందే నోటుబుక్కులో రాసుకున్నాను. ఏడాదిపాటు వేసుకున్న ప్లాను అది. ముందు రేకు పని, తర్వాత ఇంజను, రంగు చివర్న.

ఎడమ రేకు చక్కగా కూర్చుంది. ఆ ధైర్యంతోనే కుడివైపు కోసేశాం. 'కుడి' అని స్టిక్కరు ఉన్న ప్యాకింగు విప్పి ఆనించి చూస్తే, వెనక చక్రం దగ్గర ఉండాల్సిన వంపు ముందు చక్రం దగ్గరికి వచ్చింది. తలకిందులు చేస్తే వంపు వెనక్కి వెళ్లింది గానీ కింది అంచు పైకి లేచింది. టింకరింగ్ చేసే పెద్దాయన రేకును ఓసారి, నన్ను ఓసారి చూసి టీ తాగడానికి వెళ్లిపోయాడు. రెండు ప్యాకింగులూ మొదటి రోజే విప్పకపోవడం నా పొరపాటే. కానీ ఆ స్టిక్కరు అంటించింది మీరు.

ఇంజను విషయంలో మాత్రం ఆటోనగర్‌లో లేతు షాపు అతను నన్ను కాపాడాడు. 68 మిల్లీమీటర్ల బోరు (సిలిండరు లోపలి వెడల్పు), 1089 సీసీ ఇంజను. "పిస్టన్లు చేతికి రానిదే సిలిండర్లు తొలవను" అని మొదటే చెప్పాడు. పెట్టె మీద 0.40 అని ఉన్నా నాలుగింటికీ మైక్రోమీటరు పెట్టి చూశాడు. రెండు స్టాండర్డు సైజువని తేలింది. పెట్టెను నమ్మి నాలుగు సిలిండర్లూ తొలిచి ఉంటే, బ్లాకులోంచి పోయిన లోహాన్ని మీ 10 శాతం కూపను తిరిగి తెచ్చి పెట్టేదా?

కూపనుతో పాటు మీరిచ్చిన ఇంకో సలహా, వేరే కారు ఇంజను వేయించుకోమని. 50 ఏళ్లు దాటిన కార్లకు 2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ రిజిస్ట్రేషన్‌కు దరఖాస్తు చేయాలనుకుంటున్నాను. ఇంజనో బాడీయో మార్చిన కారు ఆ లెక్కలోకి రాదు. రాకపోయినా మార్చను. స్టీరింగు పక్కనే గేరు కడ్డీ ఉన్న ఈ కారులో, నాన్నగారి పక్కన ముందు సీట్లో ఇరుక్కుని కూర్చున్న పిల్లల్లో నేనొకణ్ణి.

ఇక మీ ఏడు రోజుల గడువు సంగతి. ప్రకటనలో చెప్పినట్టు లేని సరుకును వెనక్కి తీసుకోనని అమ్మకందారు అనడానికి 2020 నాటి ఈ-కామర్స్ నియమాలు ఒప్పుకోవు. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలని, నెలలోపు పరిష్కరించాలని కూడా వాటిలోనే ఉంది. జూలై 2న పంపిన మెయిల్‌కు ఈ రోజు వరకూ జవాబు లేదు.

అసలైన కుడి రేకు, ఒకే కొలత ఉన్న నాలుగు పిస్టన్లు మీ ఖర్చుతో పంపండి. పంపేముందు పిస్టన్లు కొలిచి, ఆ కొలతలు కాగితం మీద రాసి పెట్టండి. తప్పు సరుకును మీరే వచ్చి తీసుకెళ్లండి. ఇవి మీ దగ్గర లేకపోతే మొత్తం సొమ్ము వాపసు ఇవ్వండి, ఎడమ రేకు ధర మినహాయించుకోండి, అది బాగానే ఉంది. 15 రోజుల్లో ఏదీ జరగకపోతే జాతీయ వినియోగదారుల 1915 హెల్ప్‌లైన్‌కు, ఆపైన మా జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళతాను.

కారు ప్రస్తుతం కుడివైపు తెరుచుకుని, స్టాండ్ల మీద టార్పాలిన్ కింద ఉంది. ఇక్కడ వానలు మొదలయ్యాయి.

ఇట్లు,
ఒక పద్మిని యజమాని

జతపరచినవి: బిల్లు నకలు, స్టిక్కరుతో సహా రేకుల ఫోటోలు, లేతు షాపువారు రాసిచ్చిన పిస్టన్ల కొలతలు.