శనివారం డాన్స్ క్లాసు, మ్యూజికల్: వచ్చేవాళ్లు చదవండి

అందరికీ నమస్కారం. బస్సు పొద్దున 7కి బయల్దేరుతుంది, ఎవరికోసమూ ఆగదు. క్లాసు 10కి, మ్యూజికల్ (పాటలు, డాన్సులతో సాగే నాటకం) షో మధ్యాహ్నం 2:30కి.

క్లాసులో నేర్పేది మధ్యాహ్నం స్టేజీ మీద చూడబోయే డాన్సులోని ఓ చిన్న ముక్కే. ఒకటి నుంచి ఎనిమిది దాకా లెక్కపెడుతూ చేసే చిన్న చిన్న ముక్కలుగా విడగొట్టి, ముందు పాట లేకుండా నెమ్మదిగా, తర్వాత అసలు వేగంతో చేయిస్తారు. మొదట్లో కాళ్లు ఒకవైపు, చేతులు ఒకవైపు పోతాయి. పర్వాలేదు, అద్దంలో చూస్తే పక్కవాళ్ల పరిస్థితీ అంతే! నేలని గట్టిగా పట్టేసే రన్నింగ్ షూస్ మాత్రం వద్దు. గిర్రున తిరిగేటప్పుడు పాదం అతుక్కుపోయి మోకాలు మెలిపడుతుంది. అడుగు నున్నగా ఉండే తేలికపాటి బూట్లు చాలు. జీన్స్ అసలే వద్దు. మార్చుకోడానికి ఇంకో జత బట్టలు, నీళ్ల సీసా తెచ్చుకోండి.

షో మొదలయ్యాక వస్తే పాట అయ్యేదాకా బయటే నిలబెట్టేస్తారు. మ్యూజికల్స్‌లో సాధారణంగా ఇంటర్వెల్‌కి ముందు భాగమే పొడుగు, గంట పైనే. కాబట్టి బాత్రూం పని ముందే చూసుకోండి. వీడియోలు తీయనివ్వరు, ఫోన్లు ఆఫ్.

మోకాళ్ల నొప్పులున్నవాళ్లు నాకు విడిగా మెసేజ్ పెట్టండి, టీచర్‌కి ముందే చెప్తాను. పేర్లు గురువారం రాత్రికల్లా ఇచ్చేయండి.