రోషు అంటే రష్యా కాదు

సంపాదకునికి,

అయ్యా,

పశ్చిమాసియాలో బాంబులు పడ్డ ప్రతిసారీ పత్రికల్లో, టీవీల్లో, అన్నిటికన్నా ఎక్కువగా యూట్యూబ్‌లో ఒకటే శీర్షిక: ‘బైబిలు ప్రవచనం నెరవేరుతోందా?’ 2022 ఫిబ్రవరిలో రష్యా ఉక్రెయిన్ మీదికి దండెత్తినప్పుడు ఇదే. 2025 జూన్‌లో ఇజ్రాయెల్, ఇరాన్ 12 రోజులు కొట్టుకున్నప్పుడూ ఇదే. చివర ఓ ప్రశ్నార్థకం తగిలిస్తే బాధ్యత తీరిపోయినట్టే. ఎన్నికల లెక్కను ఒకటికి రెండుసార్లు సరిచూసుకునే విలేకరులు వచనాన్ని మాత్రం ఎవరు ఏం చెబితే అలా రాసేసుకుంటున్నారు. సరిచూడటం అంత కష్టమేమీ కాదు.

బైబిలులోని యెహెజ్కేలు ప్రవక్త గ్రంథం 38వ అధ్యాయం 2వ వచనమే తీసుకోండి. మన సంఘాల్లో ఎక్కువమంది చేతిలో ఉండే తెలుగు బైబిలులో, ఇశ్రాయేలు మీదికి పెద్ద సేనతో వచ్చే గోగు అనేవాడు రోషుకు, మెషెకుకు, తుబాలుకు అధిపతి అని ఉంటుంది. రోషు చెవికి రష్యాలా వినిపిస్తుంది. మెషెకు మాస్కో అయిపోతుంది, తుబాలు సైబీరియాలోని టోబోల్స్క్ అయిపోతుంది. ఇంకేం, ప్రసంగం తయారు.

హీబ్రూలో ‘రోష్’ అంటే తల, ముఖ్యుడు. యూదుల నూతన సంవత్సరం రోష్ హషానా, అంటే ఏడాదికి తల. అందుకే 1611 నాటి ఇంగ్లిష్ బైబిలు ఇక్కడ దేశం పేరేమీ చెప్పదు, ‘మెషెకు, తుబాలుల ముఖ్య అధిపతి’ అంటుంది. క్రీస్తుకు పూర్వమే వచ్చిన గ్రీకు అనువాదం మాత్రం దాన్ని పేరుగానే తీసుకుంది, మన తెలుగూ ఆ దారిలోదే. సరే, పేరే అనుకుందాం. అయినా రష్యా కాదు. యెహెజ్కేలు క్రీ.పూ. 6వ శతాబ్దం వాడు. రష్యాకు మూలమైన ‘రుస్’ అనే మాట చరిత్రలోకి వచ్చింది క్రీ.శ. 9వ శతాబ్దంలో. మాస్కోకు ఆ పేరు అక్కడి నది నుంచి వచ్చింది, ఆ ఊరి ప్రస్తావన మొదట దొరికేది 1147లో. టోబోల్స్క్‌ను కట్టిందే 1587లో, అదీ టోబోల్ నది పేరు మీద. మెషెకు, తుబాలు ఎక్కడివో అస్సీరియా రాజుల శాసనాల్లోనే ఉంది: ముష్కి, తబల్. రెండూ నేటి టర్కీ నేల మీద ఉండేవి.

మరి మాస్కో, టోబోల్స్క్ ఎలా అతుక్కున్నాయి? 1909లో అమెరికాలో అచ్చయిన స్కోఫీల్డ్ రిఫరెన్స్ బైబిలు ఈ వివరణను అదే పేజీలో, వచనాల కింద వేసింది. వచనం కింద అచ్చయిన మాట కొన్నాళ్ళకు వచనంలాగే చలామణీ అవుతుంది. మన పాస్టర్లలో చాలామంది దాన్ని నేరుగా చదివి ఉండరు. ఒకరి నోట్సు నుంచి ఇంకొకరి నోట్సులోకి దిగుతూ వచ్చింది.

ఇంకో తమాషా ఉంది. 39వ అధ్యాయంలో ఇశ్రాయేలీయులు ఆ సేన వదిలిపోయిన డాళ్ళు, విల్లంబులు, గదలు, ఈటెలు పొయ్యిలో పెట్టి ఏడేళ్ళు కాల్చుకుంటారు. రోషును అక్షరాలా రష్యా అన్నవాళ్ళే ఇక్కడికి వచ్చేసరికి విల్లంబులు క్షిపణులని అంటారు. పేరు దగ్గర అక్షరార్థం, ఆయుధం దగ్గర అలంకారం! ఏదో ఒక పద్ధతి ఎంచుకుని అధ్యాయం చివరిదాకా దాని మీదే ఉండాలి కదా. అసలు యెహెజ్కేలు ఆ మాటలు ఎవరికి చెప్పాడు? బబులోనుకు చెరగా పోయి, కెబారు నది ఒడ్డున దిక్కుతోచక కూర్చున్నవాళ్ళకు. తిరిగి సొంత ఊళ్ళకు చేరాక ఎంతటి సేన వచ్చినా దేవుడు మిమ్మల్ని విడిచిపెట్టడు అన్నది ఆ రెండధ్యాయాల సారం. ఆ ఆదరణను తీసేసి మనం ప్రపంచ పటం చేతిలో పెడుతున్నాం.

బైబిలు చివరిదైన ప్రకటన గ్రంథం 13వ అధ్యాయంలో మృగం సంఖ్యగా చెప్పిన 666 కథా ఇంతే. బార్‌కోడ్ వచ్చినప్పుడు అదే మృగం ముద్ర అన్నారు, తర్వాత ఆధార్ అన్నారు, కోవిడ్ టీకా అన్నారు. టీకా విషయంలో ఇది వేదాంత చర్చ కాదు, ప్రాణాల సంగతి. హీబ్రూ అక్షరాలకు అంకెల విలువలుంటాయి. ‘నేరోన్ కైసర్’, అంటే రోమా చక్రవర్తి నీరో పేరు, ఆ అక్షరాల్లో రాసి కూడండి: 50, 200, 6, 50, 100, 60, 200. మొత్తం 666. పేరు చివరి ‘న’ తీసేసి లాటిన్ పద్ధతిలో నేరో అంటే 50 తగ్గి 616 వస్తుంది. ప్రకటన గ్రంథం పాత ప్రతులు కొన్నిటిలో 666కు బదులు సరిగ్గా 616 ఉండటం వల్లనే చాలామంది పండితులు ఈ లెక్కను గట్టిదిగా చూస్తారు. ఒప్పుకోని పండితులూ ఉన్నారు. వారితో వాదించవచ్చు, ఎందుకంటే వాళ్ళూ పాఠం ముందు పెట్టుకునే మాట్లాడతారు. 13వ అధ్యాయం ముగిసిన వెంటనే, 14వ అధ్యాయం మొదటి వచనంలో, 1,44,000 మంది నొసళ్ళ మీద గొర్రెపిల్ల, అంటే క్రీస్తు, పేరు రాసి ఉంటుంది. దాన్ని పచ్చబొట్టనో చిప్ అనో ఎవరూ అనరు. ఆ పక్క వచనంలోని ముద్ర మాత్రం సూదిమందు ఎలా అయింది?

తేదీలు కట్టేవాళ్ళ సంగతి. విలియం మిల్లర్ అనే అమెరికన్ రైతు బైబిలులోని దానియేలు గ్రంథం 8:14లో ఉన్న 2300 దినాలను 2300 ఏళ్ళుగా లెక్కేసి, క్రీ.పూ. 457 నుంచి మొదలుపెట్టి 1843 ప్రాంతంలో క్రీస్తు తిరిగి వస్తాడని తేల్చాడు. క్రీస్తుపూర్వం 1 తర్వాత నేరుగా క్రీస్తుశకం 1 వస్తుంది, మధ్యలో సున్నా సంవత్సరం లేదు. అది తర్వాత గుర్తొచ్చి లెక్క 1844కు జరిగింది, చివరికి ఆయన అనుచరులు అక్టోబరు 22 అని ఖాయం చేశారు. పొలాల్లో పంట కోయకుండా వదిలేసినవాళ్ళున్నారు. 23న మామూలుగానే తెల్లవారింది. తప్పు కూడికలో లేదు. అదే అధ్యాయం 21వ వచనం దర్శనంలోని మేకపోతు గ్రేకుల రాజని పేరు పెట్టి చెబుతోంది, ఆ తర్వాతి వచనాలు క్రీ.పూ. 167లో యెరూషలేము ఆలయాన్ని అపవిత్రం చేసిన గ్రీకు రాజు అంతియొకస్‌ను చూపిస్తున్నాయి. అది దాటేసి కేలండర్ పట్టుకోవడంలో ఉంది తప్పు. దక్షిణ కొరియాలో 1992 అక్టోబరు 28న సంఘం ఎత్తబడుతుందని, అంటే విశ్వాసులు పరలోకానికి తీసుకుపోబడతారని నమ్మి ఉద్యోగాలు మానుకున్నవాళ్ళు, ఇళ్ళు అమ్ముకున్నవాళ్ళు ఉన్నారు. ఆ తేదీ చెప్పిన పెద్దమనిషి దగ్గర మాత్రం అది దాటాకే డబ్బు చేతికొచ్చే బాండ్లు దొరికాయి. మోసం కేసులో జైలుకు వెళ్ళాడు.

ఇదంతా చెబితే ‘అయితే ప్రవచనం అబద్ధమా?’ అంటారు. కాదు. ప్రవచనం జోస్యం కాదు, అంతే తేడా. యోనా నీనెవెకు వెళ్ళి 40 రోజుల్లో ఈ పట్టణం నాశనమవుతుందన్నాడు. ఊరు పశ్చాత్తాపంతో గోనెపట్ట కట్టుకుంది, నాశనం కాలేదు. జోస్యంగా చూస్తే తప్పింది. ప్రవచనంగా చూస్తే పని చేసింది. యోనాకే అది రుచించలేదనుకోండి, అలిగి ఊరి బయట కూర్చున్నాడు. పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 14:3లో ప్రవచనం ఎందుకో మూడు మాటల్లో చెప్పాడు: క్షేమాభివృద్ధి, హెచ్చరిక, ఆదరణ. అందులో తేదీ లేదు.

క్రీస్తును గురించిన ప్రవచనాలు చదివేటప్పుడూ మొదటి శ్రోతను మరచిపోకూడదు. యెషయా 7:14లోని కన్యక, కుమారుడు మత్తయి సువార్తకు యేసు జననం. నిజమే. కానీ ఆ సూచన ముందు ఇచ్చింది యూదా రాజైన ఆహాజుకు, ఇద్దరు శత్రురాజుల భయంతో వణుకుతున్నప్పుడు. 16వ వచనం ఆ ఇద్దరి దేశాలు త్వరలోనే పాడైపోతాయంటుంది. ఆ ఇద్దరి రాజధానులైన దమస్కు క్రీ.పూ. 732లో, షోమ్రోను 722లో పడిపోయాయి. దగ్గరి నెరవేర్పు కనబడితేనే దూరపు నెరవేర్పు మీద నమ్మకం కుదురుతుంది. క్రిస్మస్ ప్రసంగాల్లో ఈ 16వ వచనం వినబడటం అరుదు.

గడువు పెట్టి చెప్పేవాడు బైబిలులోనే ఒకడున్నాడు: యిర్మీయా గ్రంథం 28వ అధ్యాయంలోని హనన్యా అనే ప్రవక్త. రెండేళ్ళలో బబులోను కాడి, అంటే దాని పెత్తనం, విరిగిపోతుందని దేవాలయంలో అందరి ఎదుటా చెప్పి, యిర్మీయా మెడ మీది కొయ్య కాడిని తీసి విరిచేశాడు. జనానికి ఇష్టమైన మాట, గడువుతో సహా. యిర్మీయా మొదట ‘ఆమేన్, యెహోవా అలాగే చేయునుగాక’ అన్నాడు. శాంతి వస్తుందని చెప్పే ప్రవక్త నిజమైనవాడో కాదో అతని మాట నెరవేరినప్పుడే తెలుస్తుందని కూడా అన్నాడు.

పత్రికకు నా మనవి చిన్నదే. ఇలాంటి కథనం వేస్తే గ్రంథం, అధ్యాయం, వచనం సంఖ్య వేయండి, ఆ వచనానికి ముందూ వెనకా ఉన్న అయిదేసి వచనాలు విలేకరి చదవాలి. ఈ వ్యాఖ్యానం మొదట ఎవరు, ఏ సంవత్సరంలో చేశారో ఒక్క వాక్యం చేర్చండి. వేదాంత కళాశాలలో హీబ్రూ, గ్రీకు చెప్పేవారు ఎవరైనా పది నిమిషాలు ఫోన్‌లో మాట్లాడతారు. ఎవరైనా తేదీ చెబితే దాన్ని డెస్కులో రాసి ఉంచి, మర్నాడు అదే పేజీలో, అదే సైజు అక్షరాల్లో ‘జరగలేదు’ అని వేయండి.

— ఒక పాఠకుడు, గుంటూరు