షెడ్లు ఉన్నాయి, ఎరువు ఏదీ?

సంపాదకులకు నమస్కారం.

2019లో మొదలైన పల్లె ప్రగతి పుణ్యమా అని తెలంగాణలో ఊరూరికీ ట్రాక్టరు, నర్సరీ, ఊరి బయట కంపోస్టు షెడ్డు వచ్చాయి. మంచి పని. కానీ మా చుట్టుపక్కల ఊళ్లలో చాలా షెడ్లలో పిడికెడు ఎరువు తయారు కావడం లేదు. చెత్తంతా షెడ్డు పక్కనే గుట్టపోస్తున్నారు, దానికి ఎవరో నిప్పు పెడుతున్నారు, పొగ ఊరి మీదికొస్తోంది.

ఇది సఫాయి కార్మికుల తప్పు కాదు. తడి చెత్త, పొడి చెత్త వేరుగా ఇవ్వాలని 2016 నాటి కేంద్ర నిబంధనలే చెప్పాయి. ఇంటింటికీ రెండు బుట్టలూ ఇచ్చారు. తీరా ట్రాలీలో రెండూ ఒకేచోట పడుతున్నాయి. కళ్లముందే కలిపేస్తుంటే ఆడవాళ్లు ఇంట్లో ఎందుకు వేరుచేయాలి? ఆ తర్వాత డైపర్లు, పగిలిన సీసాలు ఉన్న కుప్పలోంచి చేతులతో ఏరమని కార్మికులకు చెప్పడం ఘోరం.

అలాంటి చెత్తతో చేసిన ఎరువు ఊరికే ఇచ్చినా రైతు తీసుకోడు. గాజుపెంకు ఉంటే నాట్లేసేవాళ్ల కాళ్లు తెగుతాయి. సరిగా మాగకపోతే చెదలు, కలుపు గింజలు పొలానికి చేరతాయి. కుప్ప లోపల 55 నుంచి 65 డిగ్రీల వేడి పుడితేనే ఆ గింజలు, రోగక్రిములు చస్తాయి. అందుకు పచ్చి చెత్తలో ఎండుటాకులు, గడ్డి, కాస్త పెంట కలపాలి. పిడికిట్లో పిండితే ఒకటి రెండు చుక్కలు రాలేంత తడి ఉండాలి. గాలి తగిలేలా వారం పది రోజులకోసారి తిరగేస్తే రెండు మూడు నెలల్లో మాగుతుంది. కదపకుండా వదిలేస్తే కుళ్లి కంపు కొడుతుంది, మీథేన్ పుడుతుంది.

బాధేమిటంటే, షెడ్డులో కొరవడిన ఎండు సరుకును మనం పొలాల్లో తగలబెడుతున్నాం. వరి కొయ్యలు, పత్తి కట్టె ఏటా బూడిదవుతున్నాయి. పత్తి కట్టెను ముక్కలు చేసే యంత్రం ట్రాక్టరుకు తగిలించుకోవచ్చు. నాలుగైదు ఊళ్లకు ఒకటి ఇప్పించినా చాలు.

అంతకన్నా ముందు, పైసా ఖర్చులేని పని ఒకటుంది. తడి చెత్త రోజూ, పొడి చెత్త వారానికి రెండు రోజులు విడిగా తీసుకెళ్లాలి. తయారైన ఎరువును మొదట ఊరి నర్సరీ సంచుల్లో నింపాలి. మొక్కలు బాగా వస్తే రైతులు వాళ్లంతట వాళ్లే అడుగుతారు. జిల్లా పంచాయతీ అధికారులు వచ్చే వానాకాలంలోపు ప్రతి షెడ్డునూ స్వయంగా చూసి, ఎక్కడ ఎంత ఎరువు తయారైందో గ్రామసభలో చదివి వినిపించాలని కోరుతున్నాను.

— ఒక రైతు, జనగామ జిల్లా